మార్కులు తప్పితే గ్యారేజీకేనా?

పోయిన నెల మా బడిలో తల్లిదండ్రుల సభ జరిగింది. ఒక పెద్దమనిషి లేచి, పదో తరగతి వాళ్ళను నిలబెట్టి ఒక మాట అన్నడు. “ఇప్పుడు బుద్ధిగ చదవకపోతే, మార్కులు తప్పితే, రేపు గ్యారేజీల పానాలు పట్టుకొని నల్లచేతులతోటి తిరుగుతరు.” అందరూ నవ్విండ్రు. మా బాపు కూడ నవ్విండు. నేను నా రెండు చేతులు వెనక్కు పెట్టుకున్న. ఎందుకంటే ఆ రోజు కూడ నా గోళ్ళ సందుల గ్రీజు ఉన్నది. నిమ్మచెక్కతోటి రుద్దినా పోలేదు.

ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు. ఆ మాట మీద ఉన్నది. ఆ మాట మన ఇండ్లల్ల, బడిలో, పెండ్లిళ్ళల్ల ఎన్నోసార్లు విన్న. అది తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్న. పత్రిక చూసే సార్ “మాటలు కొంచెం తగ్గించు” అన్నరు. కొంచెం తగ్గించిన.

ముందు నా చేతులకు గ్రీజు ఎట్ల అంటిందో చెప్పాలె. మా కాకకు ఒక పాత అంబాసిడర్ ఉన్నది. పెట్రోలు బండి, 1489 సీసీ ఇంజిను. ఈ అంబాసిడర్ కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాల 1958 నుంచి 2014 దాకా తయారయింది. ఇప్పుడు తయారు కాదు గాబట్టి, పాడైతే పారెయ్యాలె, లేకపోతే మనమే బాగుచేసుకోవాలె. కాక దాన్ని కిరాయికి తిప్పుతడు. పెండ్లిళ్ళు, దేవుని పనులు, ఎక్కువ దవాఖాన కిరాయిలు. సిరోంచ నుంచి మన జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైనే. అల్లపల్లి దాకనే దగ్గరదగ్గర 100, అదీ అడవి రోడ్డు. రాత్రి పూట జిమ్మలగట్ట దాటినంక బండి ఆగితే ఏమైతదో మన ఊళ్ళ తెలియనోళ్ళు లేరు. అందుకే మనోళ్ళు ఎక్కువ మంది ప్రాణహిత వంతెన దాటి, చెన్నూరు మీదుగ మంచిర్యాలకు పోతరు. అక్కడికి పోవాలన్నా బండి నడవాలె గదా.

ఆ బండి పొగ కక్కుడు, ఆయిలు తాగుడు మొదలుపెట్టింది. కాక ఇంజిను దింపిండు. బ్లాకును, క్రాంకును మంచిర్యాల లేతుకు తీసుకపోయి బోరు చేయించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి తెచ్చిండు. బిగించే పనికి ఒక పెద్ద మిస్త్రీని పిలిచిండు. అందరూ ఆయనను ఉస్తాద్ అంటరు, నేను ఉస్తాద్ తాత అంట. ఆయన నాలుగో తరగతి దాకనే చదివిండు, అది కూడ మరాఠీల. సెలవులు గాబట్టి నేను పానాలు అందిస్త అని చేరిన. మొదటి మూడు రోజులు కిరసనాయిలు పోసి బోల్టులు కడిగిన. అంతే. నాలుగో రోజు టైమింగ్ పని వచ్చింది.

టైమింగ్ అంటే ఏందో తెలియని అమ్మానాన్నల కోసం చెప్తున్న. పెట్రోలు ఇంజినుల పిస్టన్ నాలుగు పనులు చేస్తది. గాలి, పెట్రోలు పీల్చుకుంటది, నొక్కుతది, నిప్పురవ్వతోటి మండి కిందికి తన్నుతది, పొగను బయటికి తోస్తది. ఈ నాలుగింటికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలె. కాని ఒక్కో వాల్వు ఆ రెండు చుట్లల్ల ఒక్కసారే తెరుచుకోవాలె. అందుకే వాల్వులను లేపే క్యామ్ షాఫ్ట్, క్రాంక్ షాఫ్ట్ తిరిగిన దాంట్ల సగమే తిరగాలె. అందుకే క్యామ్ చక్రానికి క్రాంక్ చక్రం కంటే రెండింతల పళ్ళు. రెండింటికీ కలిపి ఒక చైను. సైకిలు చైను లాంటిదే, గాని మధ్యలో విప్పే లింకు ఉండదు. ఈ చైను ఎక్కించేటప్పుడు రెండు షాఫ్టులు ఒకదానికొకటి ఎట్ల నిలబడి ఉన్నయో, ఇంజిను బతికినన్ని రోజులు అట్లనే తిరుగుతయి. తప్పు పెడితే తప్పే తిరుగుతది.

తప్పు కావద్దని తయారు చేసినోళ్ళు రెండు చక్రాల మీద ఒక్కో చుక్క కొట్టి పెట్టిండ్రు. వాటినే మార్కులు అంటరు. ముందు క్రాంకును తిప్పి ఒకటో పిస్టను, నాలుగో పిస్టను పైకి వచ్చేటట్టు నిలపాలె. క్యామ్ షాఫ్టును దాని చావి గాడి గడియారంల ఒంటిగంట కొట్టినప్పటి ముల్లు లెక్క ఉండేటట్టు తిప్పాలె. రెండు చక్రాలను బల్ల మీద పెట్టి, చుక్కకు చుక్క ఎదురుగ చూసుకునేటట్టు చైను చుట్టాలె. చైనుకు లింకు లేదు గాబట్టి ఒక చక్రం ముందు, ఒకటి వెనుక ఎక్కించరాదు. రెండింటినీ, చైనును ఒక్కసారే లేపి, రెండు షాఫ్టుల మీదికి కొంచెం కొంచెం తొయ్యాలె. నేను ఆ పని చేస్త అని అడిగిన. ఉస్తాద్ తాత బీడీ ముట్టించుకొని “చెయ్యి బిడ్డా” అన్నడు.

చేసిన. క్రాంకు చక్రం ఎక్కింది. క్యామ్ చక్రం చావి కాడ ఆగింది. కొంచెం అటు ఇటు కదిపిన. చైను ఒక్కసారి ఒదులై మళ్ళీ బిగిసింది. చక్రం సుర్రున లోపలికి పోయింది. నాకు మస్తు సంతోషమయింది. “అయిపోయింది తాతా” అన్న. ఆయన లేవలేదు. కూసున్న కాడి నుంచే “చుక్కలు చూసినవా?” అన్నడు. “చూసిన, ఎదురెదురే ఉన్నయి” అన్న. అప్పుడు లేచి, ఒక ఉక్కు స్కేలు తెచ్చి, రెండు షాఫ్టుల నడిమధ్యలను కలిపేటట్టు పెట్టిండు. ఆ గీత మీద రెండు చుక్కలు ఉండాలె. పెద్ద చక్రం చుక్క గీత మీద ఉన్నది. చిన్న చక్రం చుక్క పక్కకు జరిగి ఉన్నది. ఒక్క పన్ను తేడా.

“ఒక్క పన్నే గదా తాతా” అన్న. ఆయన తిట్టలేదు. “ఒక్క పన్ను అంటే ఎంతనో నువ్వే లెక్క చెయ్యి, బడికి పోతున్నవు గదా” అన్నడు.

చేసిన. చిన్న చక్రానికి 20 పళ్ళు ఉన్నయనుకోండి. చుట్టు 360 డిగ్రీలు. 360ని 20తో భాగిస్తే 18. అంటే ఒక్క పన్ను జరిగితే క్రాంకు లెక్కల 18 డిగ్రీలు తేడా. క్యామ్ సగమే తిరుగుతది గాబట్టి అక్కడ 9 డిగ్రీలు. వాల్వులన్నీ ఆ తేడాతోటే ముందుగనో, ఆలస్యంగనో తెరుచుకుంటయి. ఇంజిను స్టార్ట్ అయితదా అని అడిగిన. “అయితది, అదే మోసం” అన్నడు. స్టార్ట్ అయి నడుస్తది, కాని ఎత్తు ఎక్కదు, వేడెక్కుతది, పెట్రోలు ఎక్కువ తాగుతది, ఎందుకో ఎవనికీ తెలువదు. కార్బొరేటర్ మారుస్తరు, ప్లగ్గులు మారుస్తరు, పైసలు పోతనే ఉంటయి. తప్పు మాత్రం మూత లోపల నూనెల మునిగి ఉంటది.

మొత్తం ఊడదీసి మళ్ళీ పెట్టిన. ఈసారి రెండు చక్రాలు ఒకే వరుసల ఉన్నయా అని వాటి ముఖం మీద స్కేలు ఆనించి చూసినం. చిన్న చక్రం పిసరంత లోపలికి ఉంటే దాని వెనుక పల్చటి వాషరు వేసినం. నట్టు బిగించి, దాని కింది తాళం రేకును నట్టు మీదికి మడిచినం. మూత పెట్టబోతుంటే తాత చెయ్యి అడ్డం పెట్టిండు. క్రాంకును చేతితోటి తిప్పుమన్నడు. ఒక చుట్టు తిప్పితే చిన్న చుక్క పైకి వచ్చింది, పెద్ద చుక్క అవతలి దిక్కు ఉన్నది. రెండో చుట్టు తిప్పితే రెండూ మళ్ళీ ఎదురెదురు వచ్చినయి. “ఇప్పుడు మూత పెట్టు” అన్నడు.

మా గణితం రెండో భాగంల వృత్తం పాఠం ఉన్నది. స్పర్శరేఖ నిర్వచనం నేను అర్ధసంవత్సర పరీక్షకు బట్టీ పట్టి రాసిన, మార్కులు వచ్చినయి. స్పర్శరేఖ ఎందుకో మాత్రం ఆ రోజే తెలిసింది. చైను చక్రాన్ని విడిచిపెట్టి సూటిగ పోయే గీత ఉన్నది చూడుండ్రి, అదే స్పర్శరేఖ. రెండు చక్రాలకు ఒకేసారి తగిలే స్పర్శరేఖ. నేను దాన్ని వేలుతోటి ముట్టి చూసిన.

ఇప్పుడు నేను అడుగుతున్న. ఇది చదువు కాదా? డిగ్రీలు, నిష్పత్తులు, వృత్తాలు, ఏది ముందు ఏది తర్వాత అనే క్రమం, చేసిన పనిని నమ్మకుండ మళ్ళీ సరిచూసుకునుడు, ఇవన్నీ ఉన్న పనిని చదువు రానోళ్ళ పని అని ఎట్లంటరు? పరీక్షల ఒక్క మార్కు పోతే 99 వస్తది, అందరూ మెచ్చుకుంటరు. ఇక్కడ ఒక్క మార్కు తప్పితే ఒక బాలింత అడవి రోడ్డు మీద ఆగిపోతది. ఏ పనికి ఎక్కువ బుద్ధి కావాలె?

మా అమ్మ నా మాట ఒప్పుకోదు. ఆమె మాట కూడ రాయాలె, లేకపోతే ఇది న్యాయం కాదు. “ఉస్తాద్ నడుము చూసినవా? డెబ్బై ఏండ్లకు కూడ బండి కింద పండుకుంటడు. ఆయనకు పింఛను ఉన్నదా? జీతం ఉన్నదా?” అన్నది. నిజమే. నా దగ్గర జవాబు లేదు. చిన్న పిల్లలను గ్యారేజీల పెట్టి, జీతం ఇయ్యకుండ, పేరు కూడ పిలువకుండ, ‘చోటూ’ అని చాయ్ తెప్పించుకునుడు నేను చూసిన. 14 ఏండ్ల లోపు పిల్లలను పనిల పెట్టుడు చట్టం ప్రకారం నేరం, ఆ పిల్లలు మన పక్కన బెంచీ మీద ఉండాలె. గ్యారేజీ బంగారం అని నేను అంటలేను. కాని అమ్మా, పని చేసేటోని గతి బాగలేకపోతే ఆ గతిని బాగుచెయ్యాలె గాని, పనిని వెక్కిరిస్తే ఎట్ల? పంట ధర రాకపోతే బాపును వెక్కిరిస్తమా?

ఇంకొక మాట గ్యారేజీలోళ్ళకు కూడ చెప్పాలె. వాళ్ళు నొచ్చుకున్నా సరే. ఈ పనికి గౌరవం పోవడానికి సగం కారణం వాళ్ళల్ల కొందరి ‘అందాజ’. “ఇరవై ఏండ్ల నుంచి చేస్తున్న, మార్కులు చూసేదేంది” అంటరు. దీనికి సాక్షి మా కాకే (కాక ఇది చదివితే చదవనీ). ఇంజిను బండిల పెట్టినంక డిస్ట్రిబ్యూటర్ కాక సొంతంగ పెట్టిండు. ముందటి పుల్లీ మార్కు చూసి, ఒకటో పిస్టను పైకి వచ్చింది గదా అని, అందాజ మీద దింపిండు. స్టార్ట్ చేస్తే కార్బొరేటర్ల నుంచి ఫట్ ఫట్ మని మంట ఎదురు తన్నింది. కాక కనుబొమ్మలు కొంచెం కాలినయి.

ఎందుకట్లయింది? పిస్టన్ పైకి రెండుసార్లు వస్తది గదా, ఒకసారి నొక్కడానికి, ఒకసారి పొగ తోయడానికి. పుల్లీ మార్కు రెండుసార్లూ అదే చోటు చూపిస్తది. ఏది ఏదో అది చెప్పదు. నిప్పురవ్వ నొక్కినప్పుడు రావాలె, కాక పెట్టింది పొగ తోసేటప్పుడు వచ్చింది. సరిగ్గ సగం చుట్టు తేడా. ఉస్తాద్ తాత వచ్చి ఒకటో ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రం మీద నా బొటనవేలు పెట్టుమని, కాకను హ్యాండిలు తిప్పుమన్నడు. ఒక చుట్టుకు ఏం కాలేదు. రెండో చుట్టుకు గాలి నా వేలును ఎగదోసింది. పైన రాకర్ల మూత తీసి చూపిచ్చిండు. ఒకటో సిలిండరు రాకర్లు రెండూ ఒదులుగ ఉన్నయి, అంటే రెండు వాల్వులు మూసి ఉన్నయి. నాలుగోదాంట్ల ఒకటి మూసుకుంటుంటే ఒకటి తెరుచుకుంటున్నది. “గిప్పుడు పెట్టాలె” అన్నడు. ఆయన చదివింది నాలుగో తరగతి, కాని చూడకుండ నమ్మడు. కాక పన్నెండు చదివిండు. పన్నెండు చదివినోడు అందాజ మీద పోయిండు. కాబట్టి చదువు అంటే ఎన్ని తరగతులు అని కాదు అని నాకు అర్థమయింది.

పెద్దోళ్ళకు పెద్దోళ్ళ ఉదాహరణలే కావాలె గాబట్టి ఒకటి చెప్త. జి.డి. నాయుడు అని కోయంబత్తూరు దగ్గర కలంగల్ ఊళ్ళ 1893ల పుట్టిండు. మన లెక్కనే, వేరే భాష రాష్ట్రంల ఇంట్ల తెలుగు మాట్లాడుకునే కుటుంబం. బడి సరిగ్గ చదవలేదు. ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద పోతుంటే చూసి, అది కొనాలని హోటల్ల పనిచేసి పైసలు కూడబెట్టిండు. కొని ఏం చేసిండో తెలుసా? మొత్తం ఊడదీసి మళ్ళీ బిగించిండు. 1920ల పొల్లాచి, పళని నడుమ ఒక్క బస్సుతోటి మొదలుపెట్టిండు, తర్వాత పెద్ద బస్సుల కంపెనీ అయింది. 1937ల మన దేశంల తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు ఆయన పనిలనే వచ్చింది. కోయంబత్తూరుల 1945ల ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్ పెట్టించి, ఈ చదువులకు నాలుగేండ్లు దండుగ అని సర్కారుతోటి కొట్లాడిండు. బడి మానెయ్యండ్రి అని నేను చెప్తలేను, నేను మాననని బాపుకు మాట ఇచ్చిన. ఊడదీసి బిగించుడు కూడ చదువే అంటున్న.

అంత దూరం ఎందుకు? మన విదర్భల వర్ధాలనే 1937 అక్టోబరుల గాంధీజీ విద్యాసభ పెట్టి, చేతిపని నడుమ పెట్టి పిల్లలకు చదువు చెప్పాలన్నడు. దాన్నే నయీ తాలీం అన్నరు. గాంధీ జయంతికి మనం ఉపన్యాసాలు చెప్తం, చీపుర్లు పట్టుకొని ఫోటో దిగుతం. 2020 జాతీయ విద్యా విధానంల కూడ ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటోళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని రాసి ఉన్నది. నేను ఎనిమిది దాటిన. నాకైతే ఆ పది రోజులు రాలేదు.

ఇంకొకటి, మన బడికే సంబంధించింది. మనది భాషా అల్పసంఖ్యాకుల బడి. మన బడి మనం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కుతోటి తెలుగు పద్యాలు నేర్పుతున్నరు, మంచిదే, నాకు పద్యాలు ఇష్టమే. కాని చైను ఎట్ల ఎక్కియ్యాలెనో తెలుగుల రాసిన కాగితం ఒక్కటి నాకు దొరకలేదు. కాక దగ్గర ఉన్నది ఇంగ్లీషు మాన్యువల్ జిరాక్సు. సగం పేజీలు నల్లగ మాడిపోయినయి. నేను డిక్షనరీ పెట్టుకొని చదివి తాతకు చెప్పిన, ఆయన విని “అవును, అట్లనే చెయ్యాలె” అనో, “ఇది నాకు తెలువది” అనో అన్నడు. ఇంగ్లీషు రాదు గాబట్టి ఆయనకు పుస్తకం అందలేదు, పని రాదు గాబట్టి నాకు పుస్తకం అర్థం కాలేదు. ఇద్దరం కలిస్తే ఒక్క మనిషి అయినం. మీద రాసిన వరుస అంతా నా నోటుబుక్కుల తెలుగుల రాసుకున్న, బొమ్మలతోటి. ఎవరికన్నా కావాలంటే ఇస్త, గ్రీజు మరకలు ఉంటయి.

పదో తరగతి అయినంక నేను ఐటీఐల మోటారు మెకానిక్ ట్రేడుకు పోత అని ఇంట్ల చెప్పిన. రెండేండ్ల చదువు. బాపు రెండు రోజులు నాతోటి మాట్లాడలేదు. మూడో రోజు “సైన్సు తీసుకో, సర్కారు నౌకరి చూద్దం” అన్నడు. అమ్మ ఏం అనలేదు. ఫారం ఇంకా రాలేదు గాబట్టి ఈ గొడవ ఇప్పుడు పక్కకు ఉన్నది. మా క్లాసు అమ్మాయి ఒకతి ఈ వ్యాసం చదివి, “మిమ్ములను భయపెట్టడానికన్నా గ్యారేజీ ఉన్నది, మాకు అది కూడ లేదు” అన్నది. దానికి కూడ నా దగ్గర జవాబు లేదు.

నేను అడిగేవి రెండే. ఒకటి, సభలల్ల ఆ మాట అనుడు బంద్ చెయ్యాలె. మీరు ఎగతాళి చేసిన చేతులతోటే మీ బండ్లు, ట్రాక్టర్లు, మోటార్లు నడుస్తున్నయి. రెండోది, మన ప్రయోగశాలల ఒక పాత ఇంజిను పెట్టాలె. నడవాల్సిన పని లేదు, చేతితోటి తిరిగితే చాలు. గోడ మీది బొమ్మల వాల్వు ఎప్పుడూ ఒక్కతీరుగనే ఉంటది, కదలదు.

ఇంజిను ఎక్కడి నుంచి వస్తది అని అడుగుతరని తెలుసు. తుక్కు దుకాణంల ఒక పాత జీపు ఇంజిను పడి ఉన్నది. హెడ్డు పగిలింది, కాని క్రాంకు, క్యాము బాగనే ఉన్నయి, నేను తిప్పి చూసిన. కిలోల లెక్కన ఇస్తనన్నడు. ఎంతయితదో కాగితం మీద రాయించుకొని ప్రధానోపాధ్యాయుల బల్ల మీద పెట్టిన. ట్రాక్టరు కాక ఇస్తనన్నడు. దింపడానికి మా క్లాసుల తొమ్మిది మంది పేర్లు రాసి ఇచ్చిండ్రు, అందుల ఇద్దరు అమ్మాయిలు.